విదేశీ భాషల పుస్తకాలకు మన యూనివర్సిటీల్లో ఒక గోడ కావాలి

సంపాదకుల గారికి,

నమస్కారం.

మా తమ్ముడి బిడ్డ నర్సింగ్ చదివి నల్గొండలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. జర్మనీ పోవాలని ఏడాదిగా జర్మన్ నేర్చుకుంటోంది. నర్సు ఉద్యోగానికి అక్కడ సాధారణంగా బీ2 స్థాయి, అంటే ఆ భాషలో తడుముకోకుండా పని నడిపించగలిగే స్థాయి, అడుగుతారు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ పరీక్ష ఉంటుంది. డ్యూటీ లేని రోజున పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయి, క్లాసు విని, రాత్రికి తిరిగొస్తుంది. మొన్న సంక్రాంతికి దేవరకొండ వచ్చినప్పుడు నన్నొక మాట అడిగింది.

"పెద్దనాయిన, నువ్వు అన్నేండ్లు లైబ్రరీల పనిచేసినవు గదా. మంచి జర్మన్ డిక్షనరీ ఇక్కడ ఏడన్న దొరుకుతదా? ఫోన్‌ల కొడితె అర్థం తెలుస్తది గని, ఆ మాట ఎట్ల వాడాల్నో తెలుస్తలేదు."

జర్మన్‌లో ప్రతి వస్తువు పేరుకూ ఒక లింగం ఉంటుంది. బల్లకు డేర్, తలుపుకు డీ, పుస్తకానికి దాస్. మంచి నిఘంటువులో ఆ లింగం, దాని బహువచనం, ఏ మాట పక్కన అది ఒదుగుతుందో చూపే ఉదాహరణలు ఉంటాయి. ఆ పిల్లకు కావలసింది అదే. 34 ఏళ్లు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కాలేజీ లైబ్రరీల్లో పనిచేసిన మనిషిని నేను. ఫలానా చోటికి పోయి ఫలానా బీరువాలో చూడమ్మా అని చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. విదేశీ భాషల పుస్తకాల కోసం మన యూనివర్సిటీ లైబ్రరీల్లో ఒక గోడ పొడవునా రాకులు పెట్టాలన్న మాట అప్పటి నుంచి మనసులో తిరుగుతోంది. ఆ విషయాన్ని మీ పత్రిక ద్వారా నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పెద్దల ముందు, మన ప్రజాప్రతినిధుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇవి 2007, 2008లో మన జిల్లాలకు వచ్చిన యూనివర్సిటీలు. మనవి. అందుకే అడుగుతున్నాను.

లైబ్రరీలో పుస్తకాలను డ్యూయీ పద్ధతిలో అంకెల వరుసలో పెడతామని చదువుకున్నవారికి తెలుసు. సాహిత్యానికి 800. అందులో జర్మన్‌ది 830, ఫ్రెంచిది 840, స్పానిష్‌ది 860. రష్యన్ 891.7 దగ్గర, పారశీకం (పర్షియన్) 891.55 దగ్గర, అరబిక్ 892.7 దగ్గర, జపనీస్ 895.6 దగ్గర ఉంటాయి. మన తెలుగు 894.827. నేను పనిచేసిన లైబ్రరీల్లో 820 అంటే ఇంగ్లిష్ సాహిత్యం, అది అయిపోగానే వరుస ఒక్క దూకు దూకి హిందీ దగ్గర, ఆ తర్వాత తెలుగు దగ్గర ఆగేది. మధ్యలో ఉండాల్సిన ప్రపంచం ఉండేది కాదు. చాలా ఏళ్లు నాకది లోటుగా కూడా అనిపించలేదు. లేనిదాన్ని ఎవరూ అడగరు కదా. మా తమ్ముడి బిడ్డ అడిగాకే ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలిసింది.

ఒకప్పుడు ఒక్క భాష విషయంలో మాత్రం ఆ వరుసలో పుస్తకాలు ఉండేవి. అది రష్యన్. నా వయసు వాళ్లకు విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ గుర్తుంటుంది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, రాదుగ, మీర్ సంస్థల పుస్తకాలు చేతిలో చిల్లర ఉన్న పిల్లవాడు కూడా కొనగలిగిన ధరకు వచ్చేవి. నున్నటి కాగితం, గట్టి అట్ట, రంగు బొమ్మలు. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటి పెద్దలు మాస్కోలో ఉండి ఆ పుస్తకాలను తెలుగు చేశారు. అటువైపు నుంచి కూడా పని జరిగింది. లెనిన్‌గ్రాడ్‌లో తెలుగు చెప్పిన పండితులు ఉన్నారు. 1972లో మాస్కోలో తెలుగు-రష్యన్ నిఘంటువు అచ్చయింది. మన భాషకు అంత దూరాన అంత గౌరవం దక్కిన రోజులవి.

1990ల మధ్యలో నేను పనిచేసిన ఒక కాలేజీలో స్టాక్ వెరిఫికేషన్ జరిగింది. అప్పటికి సోవియట్ యూనియన్ లేదు. లైబ్రరీలో రెండు బీరువాల రష్యన్ పుస్తకాలున్నాయి. కొన్ని రష్యన్‌లోనే, కొన్ని ఇంగ్లిష్‌లో, కొన్ని తెలుగులో. ఇష్యూ రిజిస్టర్ చూశారు. రష్యన్ పుస్తకాల మీద ఒక్క ఎంట్రీ కూడా లేదన్నారు. ఇవి ఎవరికీ పనికిరావు, చోటు దండగ అని కమిటీ రాసింది. నేను అప్పుడు చిన్న ఉద్యోగిని. కనీసం తెలుగు అనువాదాలైనా ఉంచుదామని అడిగాను. ఒకటి తీసి ఒకటి ఉంచితే ఆడిట్‌లో ప్రశ్న వస్తుందన్నారు. పాత పేపర్లు కొనే మనిషి తక్కెడ తెచ్చి వరండాలో కూర్చున్నాడు. కిలోల లెక్కన తూచారు. అట్ట గట్టిగా ఉన్నవాటికి అట్ట చింపి తూచారు, ఎందుకంటే అట్టకు వేరే రేటు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా జేబులో ఉన్న డబ్బులతో 41 పుస్తకాలు ఆయన దగ్గరే కొనుక్కున్నాను. అవి మా ఇంట్లో ఇనుప పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పుస్తకాలు ఎవరూ ఎందుకు తీసుకోలేదు అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రష్యన్ నవల ఒక బీరువాలో ఉంది. దాని తెలుగు అనువాదం వేరే గదిలో, తెలుగు నవలల మధ్య ఉంది. రష్యన్ నిఘంటువు లేనే లేదు. రష్యన్ అక్షరాలు నేర్పే పుస్తకం ఒకటి ఉంది గానీ అది రిఫరెన్స్ బీరువాలో తాళం కింద ఉండేది. ఇక పిల్లవాడు ఆ నవలను ఏ దారిన చేరుకోవాలి? తప్పు పిల్లలది అని రాశాం. నిజానికి ఆ పుస్తకాలకు పక్కన ఉండాల్సిన తోడు పుస్తకాలు లేవు. పుస్తకాలు ఉండటం వేరు, కలెక్షన్ ఉండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలన్నది ఒకటి. ఆ పాఠకుడు తనంతట తాను పుట్టుకురాడు. దారి వేస్తే వస్తాడు.

ఉద్యోగాల కోసమే ఈ మాట అంటున్నానని అనుకోవద్దు. ఉద్యోగం ముఖ్యమే. మా పిల్లకు అది బతుకు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మన్, జపనీస్ నేర్పించి పిల్లలను విదేశాలకు పంపుతోంది, అది మంచి పని. కానీ మన సొంత చరిత్ర కూడా విదేశీ భాషల్లో ఉందన్న సంగతి మన జిల్లాల్లో చాలామంది పిల్లలకు తెలియదు.

ఉదాహరణకు మనకు రెండు పానగల్లులు ఉన్నాయి. నల్గొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్ ఒకటి. వనపర్తి వైపు కొండమీద కోట ఉన్న పానగల్ ఇంకొకటి. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షాకూ విజయనగరానికీ పానగల్ కోట కోసం జరిగిన యుద్ధం గురించి ఫెరిష్తా అనే చరిత్రకారుడు పారశీకంలో రాశాడు. ఆ రాతలోని కోట ఏ పానగల్ అని ఒక విద్యార్థి తేల్చాలనుకుంటే ఏం చేయాలి? ఇంగ్లిష్ అనువాదం దగ్గర ఆగిపోతే ఆ అనువాదకుడు ఏమనుకున్నాడో అదే మనకు మిగులుతుంది. మూలం చదివి, అందులో చెప్పిన దారులు, వాగులు, దూరాలు మన నేల మీద కొలిచి చూడాలి. ఆ పని చేయడానికి నల్గొండ పిల్లలకన్నా, వనపర్తి పిల్లలకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? ఆ నేల వాళ్లకు తెలుసు. భాష ఒక్కటే అందలేదు.

గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట మన నల్గొండ ప్రాంతం మీదుగానే పోయేది. 17వ శతాబ్దంలో ఈ దారుల్లో తిరిగిన తావెర్నియే అనే వజ్రాల వ్యాపారి తన ప్రయాణాలను, వజ్రాల గనులను ఫ్రెంచిలో రాసి 1676లో అచ్చు వేయించాడు. ఆ కాలంలోనే వచ్చిన యాత్రికుడు థెవెనో కూడా ఫ్రెంచివాడే. బట్టల కోసం, నీలిమందు కోసం వచ్చిన డచ్చివాళ్లు మచిలీపట్నంలోనే ఆగలేదు. మన పక్క ఖమ్మం జిల్లా నాగులవంచలో వ్యాపార కొఠీ పెట్టారు. వాళ్ల కంపెనీ ఉత్తరాలు, లెక్కలు డచ్చి భాషలో నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. మన చేనేత కార్మికుల ముత్తాతల పని గురించి, వాళ్లకు ఇచ్చిన బయానాల గురించి తెలుసుకోవాలంటే డచ్చి చదవాలి. పోచంపల్లి ఉన్న ప్రాంతం మనది. గద్వాల చీర నేసే ప్రాంతం మనది. ఈ రెండు ప్రాంతాల పిల్లల్లో ఒక్కరైనా డచ్చి చదివి ఆ కాగితాలు చూడాలని నాకు చాలా కోరిక.

పారశీకం ఇంకా దగ్గరిది. ఖాస్రా, రుసుము, దస్తావేజు, ఫైసల్ అని రైతు రోజూ అనే మాటలు అరబిక్, పారశీకాల దారిన వచ్చినవే. ఉర్దూను నేను విదేశీ భాషల్లో కలపను. అది మన ఇంటి భాష. కానీ 1880ల దాకా హైదరాబాద్ రాజ్యంలో సర్కారు వ్యవహారం పారశీకంలోనే నడిచింది. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో మొఘల్ కాలం నుంచి ఉన్న పారశీక కాగితాలు ఉన్నాయి. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల చరిత్ర రాసేవాళ్లు ఆ భాష తెలియక ఇతరులు రాసినదాని మీద ఆధారపడాల్సి వస్తోంది.

జర్మన్ సంగతి చూడండి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ఏ మద్రాసులోనో అచ్చు కాలేదు. బెంజమిన్ షుల్జ్ అనే పాదిరీ 1746, 47 సంవత్సరాల్లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చు వేయించాడు. మా తమ్ముడి బిడ్డకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోయింది. "అట్లయితె నేను పోయేది కొత్త దేశం కాదన్నమాట" అన్నది. ఆ మాటతో జర్మన్ అంటే ఆమెకున్న టెన్షన్ కొంత తగ్గింది.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన సంగతికి వస్తాను. పరాయి భాషల పుస్తకాలను ఒక పద్ధతిగా ఎట్లా కూడబెట్టాలో చూపించిన ఉదాహరణ ఒకటుంది. అందులో కూడబెట్టిన పుస్తకాలు మనవే.

1960లలో బడికి పోయినవాళ్లకు పీఎల్-480 అనే మాట గుర్తుంటుంది. 1954లో అమెరికా చేసిన చట్టం అది. ఆ చట్టం కింద మనకు గోధుమలు వచ్చేవి. మన ప్రభుత్వం వాటికి డబ్బు డాలర్లలో కాకుండా రూపాయల్లో కట్టేది. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే ఉండిపోయేవి. వాటిలో కొంత పెట్టి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 1962లో ఢిల్లీలో ఒక ఆఫీసు తెరిచి, భారతీయ భాషలన్నిటిలో వచ్చే పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. తెలుగు పుస్తకాలు కూడా కొన్నది. ప్రతి పుస్తకానికీ కొన్ని కాపీలు కొని షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ లాంటి యూనివర్సిటీలకు పంపింది. ఒక్కొక్క భాషకు ఆ భాష తెలిసిన మనిషిని పెట్టుకుంది. నవలలు, కవితలే కాదు, చిన్న ఊళ్లలో అచ్చయిన సంచికలు, పత్రికలు కూడా తీసుకుంది. గోధుమలు ఇవ్వడం ఆగిపోయాక కూడా ఢిల్లీ ఆఫీసు ఆగలేదు, ఇప్పటికీ నడుస్తోంది.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థి పాత తెలుగు పత్రిక ఒకటి కావాలని వచ్చాడు. మా దగ్గర లేదు. తెలిసిన లైబ్రరీలన్నిటికీ ఫోన్లు చేశాను. ఎక్కడా పూర్తి సంచికలు దొరకలేదు. చివరకు ఇంటర్నెట్‌లో ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్‌లో వెతికితే అమెరికాలోని ఒక యూనివర్సిటీలో వరుసగా ఉన్నట్టు తేలింది. ఆ అబ్బాయి నా ముఖం చూశాడు. నాకు ఒకవైపు సంతోషం, ఒకవైపు బాధ. ఎక్కడో ఒకచోట బతికి ఉందన్నది సంతోషం. ఆ దేశంలో అప్పట్లో తెలుగు చదివేవాళ్లు ఎందరున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చదివేవాళ్లు వచ్చాక కొందాం అని వాళ్లు అనుకోలేదు. ముందు కొన్నారు, పెట్టారు, కేటలాగ్ చేశారు. ఆ పుస్తకాలు ఉన్నాయి కాబట్టి చదివేవాళ్లు, అనువాదం చేసేవాళ్లు తయారయ్యారు. మన జిల్లాల్లో జర్మన్ ఎవరు చదువుతారు, ఫ్రెంచి ఎవరికి కావాలి అని అడిగేవారికి నా జవాబు ఇదే.

మన పెద్దలు కూడా అలాగే చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అని అనువాద విభాగాన్ని పెట్టారు. ఇతర భాషల శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చాకే పాఠాలు చెప్పగలమని వాళ్లకు తెలుసు. అదే 1918లో నల్గొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం వెలిసింది. తెలుగు పుస్తకం చదవడమే కష్టమైన కాలం అది. నకిరేకల్ దగ్గర పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. చదివేవాళ్లు ఎక్కడున్నారని ఆయన ఇంట్లో కూర్చోలేదు.

ఇక ఏం చేయాలన్నది. నాకు తెలిసిన పని ఇది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవమని మనవి.

కొత్త భవనం అక్కర్లేదు. ఒక గోడ, ఆ గోడ పొడవునా తాళాలు లేని రాకులు, ఒక పెద్ద బల్ల చాలు. అన్ని భాషలూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలబడదు. రెండు యూనివర్సిటీలు కూర్చుని పంచుకోవాలి. నల్గొండ జర్మన్, రష్యన్, డచ్చి తీసుకుంటే, పాలమూరు పారశీకం, అరబిక్, ఫ్రెంచి తీసుకోవచ్చు. జపనీస్ ఎవరు తీసుకోవాలో పిల్లల అవసరం చూసి తేల్చుకోవచ్చు. ఒకచోట ఉన్న పుస్తకం రెండోచోటికి కావాలంటే ఆర్టీసీ కార్గోలో వేస్తే చేరుతుంది. మా దేవరకొండ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రోజూ బస్సులున్నాయి.

ఒక భాషకు మొదట 300 పుస్తకాలు చాలని నా అభిప్రాయం. కానీ ఆ 300 ఏవి అన్నదే ముఖ్యం. ముందు నిఘంటువులు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వైపులవీ ఉండాలి, కనీసం మూడేసి కాపీలు ఉండాలి. తర్వాత వ్యాకరణం. ఆ తర్వాత పిల్లల బొమ్మల పుస్తకాలు. యూనివర్సిటీలో బొమ్మల పుస్తకాలు ఏమిటి అనవద్దు. కొత్త భాష నేర్చుకునే పాతికేళ్ల మనిషి ఆ భాషలో అయిదేళ్ల పిల్లవాడే. నా పెట్టెలో ఉన్న రష్యన్ పుస్తకాల్లో నేను కూడబలుక్కుని చదవగలిగింది ఒక కోడిపుంజు బొమ్మ ఉన్న పిల్లల పుస్తకం ఒక్కటే. దాని పక్కన స్థాయిల వారీగా, తక్కువ మాటలతో రాసిన కథల పుస్తకాలు ఉండాలి. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లిష్ ఉండే జంట పుస్తకాలు వస్తాయి, అవి తప్పకుండా కొనాలి. ఇవి అమరిన తర్వాతనే పెద్ద రచయితల దగ్గరికి పోవాలి.

పెద్ద రచయితల విషయంలో నాదొక గట్టి పట్టు ఉంది. మూలం, ఇంగ్లిష్ అనువాదం, తెలుగు అనువాదం మూడూ ఒకేచోట, ఒకే రాకులో పక్కపక్కన ఉండాలి. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేశారు. ఎన్ని తరాలు చదివాయో! ఆ తెలుగు 'అమ్మ' పక్కన రష్యన్ 'అమ్మ' ఉంటే, మొదటి వాక్యం రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చూసే పిల్లవాడు ఒకడైనా వస్తాడు. మనకు ప్రపంచ సాహిత్యం ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వచ్చింది. అనువాదకులు ఎంతో కష్టపడ్డారు, వారికి చేతులెత్తి మొక్కాలి. కానీ నేరుగా ఫ్రెంచి నుంచి, అరబిక్ నుంచి, జపనీస్ నుంచి తెలుగులోకి తెచ్చేవాళ్లు నల్గొండ, పాలమూరు నుంచి రావాలంటే ఆ మూడు పుస్తకాలు ఒకే రాకులో కలుసుకోవాలి. అంకెల వరుస ప్రకారం తెలుగు అనువాదాన్ని మూలం దగ్గరే పెట్టే వీలు డ్యూయీ పద్ధతిలోనే ఉంది. మనమే తెలుగు పుస్తకాలన్నీ తెలుగు గదిలో పెట్టుకున్నాం.

కొనే పద్ధతి మారాలి. మార్చి 31 లోపు డబ్బు ఖర్చు పెట్టాలని ఫిబ్రవరిలో ఇండెంట్లు పెట్టి, కొటేషన్లు పిలిచి, ఎవరు ఎక్కువ డిస్కౌంట్ ఇస్తే వారి దగ్గర కొనే పద్ధతిలో నేనూ ఎన్నో ఏళ్లు కొన్నాను. ఆ పద్ధతిలో గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు దొరుకుతాయి. పారశీక నిఘంటువు దొరకదు. దానికి ఏడాది పొడవునా చూసే కన్ను కావాలి, చిన్న మొత్తాన్ని విడిగా ఉంచి ఎప్పుడు మంచి పుస్తకం కనబడితే అప్పుడు కొనే వెసులుబాటు కావాలి. డొనేషన్లు తీసుకోవచ్చు, కానీ వచ్చినవన్నీ కాదు. ఏవి తీసుకుంటాం, ఏవి తీసుకోం అని ముందే రాతపూర్వకంగా పెట్టుకోవాలి. లేకపోతే ఎవరి ఇంట్లోనో చోటు చాలక ఇచ్చిన పుస్తకాలతో గోడ నిండిపోతుంది.

ఇప్పుడు కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం తెచ్చింది, వేల పత్రికలు ప్రభుత్వ యూనివర్సిటీలకు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి, ఇక పుస్తకాలెందుకు అంటారేమో. 2025 జనవరి నుంచి అమలవుతున్న ఆ పథకం చాలా మంచిది, సైన్స్ విద్యార్థులకు వరం. కానీ అందులో వచ్చేవి ప్రధానంగా ఇంగ్లిష్ పరిశోధన పత్రికలు. జర్మన్ కథ చదవాలనుకునే పిల్లకు అందులో ఏమీ ఉండదు. ఉచితంగా దొరికేవాటిని మాత్రం వాడుకోవాలి. పాత ఫ్రెంచి పుస్తకాలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. జపనీస్ పాత సాహిత్యం అవొజోరా బుంకో అనే వెబ్‌సైట్‌లో ఉంది. లైబ్రరీ బల్ల మీద ఒక కంప్యూటర్ పెట్టి వీటిని చూపించే మనిషి ఉంటే అదీ కలెక్షన్‌లో భాగమే.

ఆ మనిషి సంగతి. భాష తెలిసినవాళ్లు లేకుండా ఆ భాష పుస్తకాలు కొనకూడదు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబిక్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ చదివిన పిల్లలున్నారు. వారిలో మన జిల్లాల పిల్లలను వెతికి, నెలకు కొన్ని రోజులైనా పిలిపించుకోవచ్చు. ఇంకొక దారి నాకు చాలా ఇష్టం. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన పాలమూరు అన్నలకు అరబిక్ మాట్లాడటం వచ్చు. పుస్తకంలోని అరబిక్ వేరు, వాళ్లు మాట్లాడే అరబిక్ వేరు, నిజమే. అయినా ఆ బల్ల దగ్గర వాళ్లకు ఒక కుర్చీ వేయాలి. ఇన్నేళ్ల వలసలో మన జిల్లాలు సంపాదించుకున్న విద్య అది. దాన్ని ఎవరూ విద్య అని పిలవలేదు.

కేటలాగ్ గురించి ఒక్క మాట. రష్యన్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రష్యన్ తెలిసినవాడు వెతకలేడు, తెలియనివాడికి అక్కర్లేదు. లైబ్రరీల కోసం కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, న్యూజిలాండ్‌లో పుట్టింది, అన్ని లిపులూ తీసుకుంటుంది. పుస్తకాల వివరాలను కంప్యూటర్‌లో గడులుగా రాసే మార్క్ పద్ధతిలో 041 అనే గడిలో పుస్తకం ఏ భాషలో ఉందో, ఏ భాష నుంచి అనువాదమైందో రాయవచ్చు. ఆ గడి నింపితే రష్యన్ నుంచి తెలుగుకు వచ్చిన పుస్తకాలన్నీ ఒక్క క్షణంలో కనబడతాయి. నేను పనిచేసినప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేశాను. నాకు అప్పుడు దాని విలువ తెలియలేదు. ఇప్పుడు పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు వదలొద్దని కోరుతున్నాను.

పుస్తకాలు పోతాయని భయపడి తాళం వేయొద్దు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలే ఇష్యూ చేసిన, చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమని ఒప్పుకుంటాయి, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. లైబ్రేరియన్ జీతంలో కోస్తారన్న భయమే మన బీరువాలకు తాళాలు వేయించింది. ఆ భయం నేను అనుభవించాను. యూనివర్సిటీ పెద్దలు ఆ నిబంధనను చదివి తమ లైబ్రేరియన్లకు ధైర్యం చెప్పాలి.

చివరిగా, ఆ గోడ బయటివాళ్లకు కూడా తెరవాలి. మా తమ్ముడి బిడ్డ ఆ యూనివర్సిటీ విద్యార్థిని కాదు. మర్రిగూడలోనో, అచ్చంపేటలోనో, నారాయణపేటలోనో ఇంకొక పిల్ల అలాగే ఫోన్‌లో ఒక్కొక్క మాట కొట్టి చూసుకుంటూ ఉంటుంది. కొంత డిపాజిట్ తీసుకుని జిల్లావాసులకు రీడింగ్ కార్డు ఇవ్వాలి. అన్నెపర్తి క్యాంపస్‌కు గానీ బండమీదిపల్లి క్యాంపస్‌కు గానీ నెలలో రెండుసార్లు రావడం వాళ్లకు హైదరాబాద్ కన్నా సులువు.

నా దగ్గరున్న 41 రష్యన్ పుస్తకాలకు పేర్లు, సంవత్సరాలు, పేజీల లెక్కతో జాబితా రాసి పెట్టాను. కొన్నింటికి నేనే కొత్త అట్టలు కుట్టాను. రెండు యూనివర్సిటీల్లో ఎవరు ముందు ఆ గోడ పెడితే వారికి ఇస్తాను. తాళం లేని రాకులో, తెలుగు అనువాదాల పక్కన పెట్టాలన్నది నా ఒక్క కోరిక. వారానికి రెండు రోజులు బస్సులో వచ్చి కేటలాగ్ పని చేసిపెడతాను, జీతం వద్దు. మా తమ్ముడి బిడ్డకు మే నెలలో పరీక్ష ఉంది. ఆమె కోసం హైదరాబాద్ నుంచి ఒక జర్మన్ నిఘంటువు తెప్పించాను. పరీక్ష అయిపోగానే దాన్ని కూడా ఆ పెట్టెలో పెడతానని మాటిచ్చింది. అప్పుడు 42 అవుతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా